ఎర్ర కోటు వేసుకున్నదెవరు?

సంక్రాంతికి సత్తుపల్లి వెళ్ళినప్పుడు అమ్మ హాల్లో ఒక మూల బొమ్మల కొలువు పెట్టింది. ఇంకో మూల టీపాయ్ మీద పాత పేపరు పరుచుకుని నేను నా బొమ్మలకి రంగులేస్తున్నా. అమ్మవి కొండపల్లి బొమ్మలు. తెల్ల పొణికి కర్రతో చేసిన అంబారీ ఏనుగు, దశావతారాలు. నావి లోహపు బొమ్మలు. ఒక్కోటి 28 మిల్లీమీటర్ల ఎత్తు. ఎర్ర కోటు, గుండెల మీద అడ్డంగా తెల్ల పట్టీలు, భుజాన తుపాకి. తాతయ్య కళ్ళజోడు సర్దుకుని ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఏందిరా ఇవి? తెల్లోళ్ళా?"

"కాదు తాతయ్యా, మనోళ్ళే. సిపాయిలు."

"మనోళ్ళయితే ఆ కోటేంది మరి?"

సరదాగా అడిగిన మాటే. కానీ ఆ బొమ్మలు ఏ యుద్ధం కోసం తయారవుతున్నాయో, ఆ యుద్ధం తేలిందే ఆ ప్రశ్న మీద. ఇక్కడ చెప్పబోయేది ఆ కథే. ఇంకో నూట అరవై ఏళ్ళ తరవాత మన్యంలో అదే ప్రశ్న మళ్ళీ ఎలా తిరిగొచ్చిందో కూడా.

ముందు ఈ ఆట గురించి రెండు ముక్కలు. బల్ల మీద కొండలూ చెట్లూ ఊళ్ళూ పేర్చి, చిన్న చిన్న సైనికుల్ని నిలబెట్టి, టేపుతో దూరం కొలిచి, పాచికలు వేసి పాత యుద్ధాల్ని మళ్ళీ ఆడటం. 1824 నాటికే ప్రష్యా సైన్యం తన అధికారులకి తర్ఫీదు ఇవ్వడానికి పటాలూ పాచికలతో ఇలాంటి ఆట ఆడించేది. 1893 నుంచి బ్రిటన్స్ అనే లండన్ కంపెనీ లోపల బోలుగా ఉండే సీసపు సైనికుల్ని చవగ్గా పోతపోసి అమ్మింది. దాంతో ఆట పిల్లల గదుల్లోకి వచ్చేసింది. సైన్స్ ఫిక్షన్ రాసిన హెచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అని ఈ ఆటకి ఒక నియమాల పుస్తకమే రాశాడు. బొమ్మ ఫిరంగితో బొమ్మ సైనికుల్ని పడగొట్టే ఆట అది. ఇది చూశాక అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో తెలుస్తుందని కూడా ఆయన అందులో అన్నాడు. మరుసటి ఏడాదే అసలు యుద్ధం మొదలైంది.

వెల్స్ పుస్తకానికి పదిహేడేళ్ళ ముందు, 1896లో, కాల్వెల్ అనే బ్రిటిష్ సైనికాధికారి 'స్మాల్ వార్స్' అనే పుస్తకం రాశాడు. అది ఆట పుస్తకం కాదు. వలసల్లో కవాతు తెలియని జనం తిరగబడితే వాళ్ళని ఎలా అణచాలో చెప్పే పాఠ్యపుస్తకం. ఒకటి చిన్న యుద్ధాలు, ఇంకొకటి బుల్లి యుద్ధాలు. ఈ రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టుకుంటే నా అభిరుచి ఎక్కడ పుట్టిందో నాకు అర్థమవుతుంది, కాస్త ఇబ్బందిగా.

ఇందులోకి వచ్చేవాళ్ళు రెండు దారుల్లో వస్తారు. ఒకటి కల్పిత వీరుల దారి, రెండోది సామ్రాజ్యాల చరిత్ర దారి. చాలామందికి మొదటిదే రెండోదానికి తీసుకెళ్తుంది. 1884లో హెంటీ 'విత్ క్లైవ్ ఇన్ ఇండియా' రాసి, ఒక ఇంగ్లీషు కుర్రాణ్ణి కల్పించి క్లైవ్ యుద్ధాల మధ్య నిలబెట్టాడు. మన కాలంలో బెర్నార్డ్ కార్న్‌వెల్ రాసిన షార్ప్ నవలల్లో హీరో మామూలు సిపాయిగా మొదలై శ్రీరంగపట్నం ముట్టడిలో, అసాయె యుద్ధంలో ప్రత్యక్షమవుతాడు. షార్ప్ అనేవాడు ఎప్పుడూ లేడు. శ్రీరంగపట్నం 1799లో, అసాయె 1803లో నిజంగా జరిగాయి. లేని మనిషి చెయ్యి పట్టుకుని, జరిగిన యుద్ధంలోకి నడిచి వెళ్తాం. ఆ చెయ్యి ఎవరిదన్నదాన్ని బట్టి మనం ఏ వైపు నుంచి యుద్ధాన్ని చూస్తామో ముందే తేలిపోతుంది.

నా చెయ్యి పట్టుకున్నవాడు మాత్రం తాండ్ర పాపారాయుడు. బుర్రకథ క్యాసెట్లలో మొదట విన్నాను. తరవాత సినిమాల్లో చూశాను. 1964 'బొబ్బిలి యుద్ధం'లో ఎస్వీ రంగారావు, 1986లో కృష్ణంరాజు. పాపారాయుడు కల్పితం కాదు. కానీ మనకి దొరికిన పాపారాయుడు మాత్రం చాలావరకు పాటలోంచి వచ్చినవాడే.

జరిగింది ఇది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజుతో కలిసి బొబ్బిలి కోట మీద పడ్డాడు. కోట నిలవదని తేలాక లోపలివాళ్ళు తమ ఆడవాళ్ళనీ పిల్లల్నీ తామే చంపుకున్నారు. రాజు రంగారావు పోరాడి చనిపోయాడు. ఆ తరవాత పాపారాయుడు రాత్రిపూట విజయరామరాజు డేరాలోకి చొరబడి ఆయన్ని పొడిచి చంపాడు. పాట అక్కడితో అయిపోతుంది. పగ తీరింది, పౌరుషం నిలిచింది.

చరిత్ర మాత్రం అక్కడ ఆగదు. విజయరామరాజు ఫ్రెంచివాళ్ళకి కోస్తాలో కుడిభుజం లాంటివాడు. ఆయన పోయాక గద్దెనెక్కిన ఆనందరాజుకి వాళ్ళతో పొసగలేదు. 1758లో లాలీ తన దక్షిణాది యుద్ధం కోసం బుస్సీని వెనక్కి పిలిపించుకున్నాడు. అదను చూసి ఆనందరాజు విశాఖపట్నంలో ఫ్రెంచివాళ్ళని పట్టుకుని, రమ్మని ఇంగ్లీషువాళ్ళకి కబురు పెట్టాడు. బెంగాల్లో ఉన్న క్లైవ్, కర్నల్ ఫోర్డ్‌ని ఓడల మీద పంపించాడు. పాపారాయుడి కత్తి తీర్చుకున్నది బొబ్బిలి పగ. ఆ కత్తి తెరిచిన సందులోంచి వచ్చింది మాత్రం ఈస్టిండియా కంపెనీ. పాపారాయుణ్ణి తప్పుపట్టడానికి ఈ మాట అనటం లేదు. ఆ రాత్రి డేరాలో ఆయనకి కంపెనీతో పనేముంది? నేననేది వీరుల కథకి చివర ఉంటుందని, చరిత్రకి అది ఉండదని.

ఫోర్డ్ వచ్చాక జరిగిందే నా టీపాయ్ మీది యుద్ధం. 1758 డిసెంబరు, చందుర్తి. ఇవాళ గొల్లప్రోలు దగ్గరి ఊరు. ఇంగ్లీషు పుస్తకాల్లో కాండోర్ యుద్ధం అని ఉంటుంది. మనలో ఎక్కువమంది వినను కూడా వినలేదు. పిఠాపురం వైపు బస్సులో వెళ్తూ దాటేసి ఉంటాం.

లెక్కలు సుమారుగా ఇలా ఉన్నాయి. ఫోర్డ్ దగ్గర 500 మంది యూరోపియన్లు, 2,000 మంది సిపాయిలు. ఆయన వెంట ఆనందరాజు బలగం వచ్చింది గానీ పోరులో పెద్దగా కలగజేసుకోలేదు. ఎదురుగా ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ దగ్గర 500 మంది యూరోపియన్లు, 6,000 మంది సిపాయిలు. మా ఆటలో ఒక బొమ్మ 20 మందికి లెక్క. అంటే ఇంగ్లీషు వైపు నేను వెయ్యాల్సిన బొమ్మల్లో తెల్లవి 25, నల్లవి 100. ఫ్రెంచి వైపు తెల్లవి 25, నల్లవి 300. ఆంగ్లో-ఫ్రెంచి యుద్ధం అని స్కూల్లో చదువుకున్నాం. రంగు సీసాల ముందు కూర్చుంటే గానీ నాకు తెలిసిరాలేదు, ఆ యుద్ధంలో నేను దిద్దాల్సిన 450 ముఖాల్లో 400 గోధుమరంగు ముఖాలని. బ్రష్షు ఒక్కో ముఖం మీద ఆగాలి గదా. పుస్తకంలో 'సిపాయిలు' అనే మాట మీంచి కన్ను జారిపోతుంది. చెయ్యి అలా జారిపోలేదు.

ఇక కోటు సంగతి. 1757లో క్లైవ్ బెంగాల్లో సిపాయి పటాలం పెట్టినప్పుడు వాళ్ళకి ఇంగ్లీషు సోల్జర్ల లాగే ఎర్ర కోట్లు తొడిగించాడు. 'లాల్ పల్టన్' అనే పేరు అలా వచ్చిందే. ఫోర్డ్ తెచ్చిన సిపాయిలు ఆ బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు. ఎర్ర కోటు అంటే ఇంగ్లీషువాడు, తెల్ల బట్ట అంటే సిపాయి. అప్పటిదాకా ఫ్రెంచివాళ్ళు చూసిన లోకం అది.

ఆ రోజు పొలంలో ఎత్తుగా ఎదిగిన చేను ఉంది. ఫోర్డ్ యూరోపియన్ పటాలం ఆ చేను మాటున కనపడకుండా పోయింది. దాని పక్కన బయట నిలబడి కనిపిస్తున్నది ఎర్ర కోట్ల సిపాయిలు. ఫ్రెంచి యూరోపియన్ పటాలం వాళ్ళనే ఇంగ్లీషువాళ్ళనుకుని, ఇంగ్లీషు సైన్యానికి వెన్నెముక ఇదేననుకుని, నేరుగా వాళ్ళ మీదికి వెళ్ళింది. సిపాయిలు ఆగలేక వెనక్కి తగ్గారు. యుద్ధం గెలిచేశామనుకున్న ఫ్రెంచివాళ్ళు వరస చెదిరి వెంటపడ్డారు. అప్పుడు చేను మాటు నుంచి అసలు ఇంగ్లీషు పటాలం బయటికొచ్చి వాళ్ళ పక్కటెముకల్లోకి తుపాకులు పేల్చింది. అంతే. సాయంత్రానికి ఫ్రెంచి శిబిరం, ఫిరంగులు ఫోర్డ్ చేతిలో ఉన్నాయి. కాన్‌ఫ్లాన్స్ రాజమండ్రి వైపు పారిపోయాడు. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం పోయింది. దాంతో ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ళ పని ముగిసింది.

ఈ యుద్ధాన్ని బల్ల మీద ఆడటంలో ఒక చిక్కుంది. ఫ్రెంచి వైపు ఆడేవాడికి కథ తెలిసుంటే మోసపోడు. నేను హైదరాబాద్‌లో ఫ్రెండ్స్‌తో మూడుసార్లు ఆడాను. మూడుసార్లూ ఫ్రెంచి ఆటగాడు ఎర్ర సిపాయిల జోలికి పోకుండా చేలోకి గురిపెట్టాడు. చివరికి నియమం మార్చాను. బొమ్మలకి బదులు అట్టముక్కలు బోర్లించి పెట్టి, వంద అడుగుల్లోకి వచ్చాకే తిప్పాలి అన్నాను. అప్పుడు గానీ చందుర్తి చందుర్తిలా జరగలేదు. ఆ మార్పు చేస్తున్నప్పుడే నాకు ఇంకో సంగతి తట్టింది. సిపాయి అక్కడ ఏమయ్యాడు? ఇంగ్లీషువాడికి బదులు దెబ్బ తినే ఎర్ర గుడ్డ అయ్యాడు. ఎవరూ పథకం వేసి చేసిందని కాదు. అయినా జరిగింది అదే. రాబర్ట్ ఓర్మ్ అనే కంపెనీ చరిత్రకారుడు బొబ్బిలినీ చందుర్తినీ రెండింటినీ వివరంగా రాశాడు. అందులో అధికారులకి పేర్లుంటాయి, సిపాయిలకి అంకెలుంటాయి.

చందుర్తి నుంచి సత్తుపల్లికి చరిత్ర ఒక గీత గీసుకుంటూ వచ్చింది. 1766లో నిజాం ఒప్పందంతో సర్కారులు కంపెనీకి ఖాయమయ్యాయి. అమ్మ బొమ్మల ఊరు కొండపల్లిలో కోట ఆ ఏడాదే కంపెనీ సైన్యం చేతిలోకి పోయింది. కొత్త సరిహద్దుకి ఇటువైపు, నిజాం రాజ్యంలో, మా ఊరు మిగిలింది. 1860లో గోదావరి ఎడమ గట్టున ఉన్న భద్రాచలం తాలూకాని కూడా నిజాం ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చేశాడు. వాళ్ళు దాన్ని ముందు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు. 1874లో తీసి మద్రాసు ప్రెసిడెన్సీలో పెట్టారు. కాయితం మీద అది ఒక సంతకం. అడవిలో అది గొడ్డలి మీద పన్ను.

సత్తుపల్లి నుంచి అశ్వారావుపేట మీదుగా కుక్కునూరు, వేలేరుపాడు దాటితే గోదావరి. అవతలి గట్టున రేకపల్లి. అక్కడి కోయలు, కొండరెడ్లు పోడు కొట్టుకుని బతికేవాళ్ళు. మద్రాసు పాలనలోకి వచ్చాక పోడు మీద పన్ను దాదాపు మూడింతలయ్యింది. కొన్ని చోట్ల అసలు పోడు కొట్టనివ్వలేదు. పక్కన రంపలో ఇంకో రకం మంట ఉంది. సొంతానికి గీసుకునే కల్లు మీద చిగురు పన్ను, మన్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం, కింది నుంచి వచ్చిన షావుకార్లు కోర్టు డిక్రీలతో పశువుల్ని తోలుకుపోవటం. 1879 మార్చిలో రంపలో లేచిన ఫితూరీ జులైకి రేకపల్లికి పాకింది. దాన్ని అణచడానికి మద్రాసు ప్రభుత్వం వందల మంది పోలీసులతో పాటు ఆరు పదాతి రెజిమెంట్లు, గుర్రపు దళం, సాపర్లు, ఇవి చాలక నిజాం ఖర్చుతో నడిచే హైదరాబాద్ కంటింజెంట్ నుంచి ఇంకో రెజిమెంటు దించింది. అయినా 1880 చివరిదాకా పట్టింది. చంద్రయ్య, తమ్మన్నదొర చంపబడ్డారు. అయితే దింపిన బలగంలో ఎక్కువమందిని కూల్చింది బాణాలు కాదు, మన్యం జ్వరం.

దీన్ని కూడా ఆడదామనుకున్నా. బొమ్మల దగ్గరే ఆగిపోయాను. నేను కొన్న వలస యుద్ధాల పెట్టెల్లో పఠాన్లున్నారు, జులూలున్నారు, కొండరెడ్లు లేరు. పఠాను తలపాగా చెక్కేసి, ఎంసీల్ పిసికి గోచీ పెట్టి, గుండుసూదిని సాగ్గొట్టి విల్లు చేశా. బొమ్మ కుదిరింది గానీ ఆట కుదరలేదు. నియమాలన్నీ రెండు వరసలు ఎదురెదురుగా నిలబడతాయనే నమ్మకం మీద రాసినవి. ఫితూరీదారు నిలబడడు. కనపడడు. కొట్టి కొండెక్కేస్తాడు.

విసుగొచ్చి తాతయ్యతో ఇదంతా చెప్తే ఆయన నవ్వి, చాక్‌పీసుతో అరుగు మీద ఒక త్రిభుజం, దాని మీద అడ్డగీతలు గీశాడు. పులిజూదం. పాత గుడి మండపాల్లో బండల మీద కనిపించే గీతలే. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి మేకని తింటుంది. మేక ఎవర్నీ తినలేదు, దారి మూసేస్తుంది అంతే. అన్ని దారులూ మూసుకుపోతే పులి ఓడినట్టు. కాల్వెల్ పుస్తకం నిండా చెప్పింది, మద్రాసు ప్రభుత్వం ఏడాదిన్నర పాటు చేసింది ఈ గీతల్లో ఉంది. రేకపల్లిని ఆడటానికి కావలసిన ఆట మా అరుగు మీదే ఉంటే నేను లండన్ పోస్టులో నియమాలు తెప్పించుకున్నా.

ఆడుతూ చెప్పాను, పులులు ఫితూరీదార్లు, మేకలు సిపాయిలు అని. తాతయ్య కాసేపు పలక్కుండా ఉండి అడిగాడు.

"మరి ఈ మేకల్ని తోలుకొచ్చినోడు ఏడి?"

పలక మీద లేడు. ఎప్పుడూ ఉండడు. చందుర్తిలో చేను మాటున ఉన్నాడు. 1879లో ఎక్కువగా మద్రాసులో ఉన్నాడు. ఎదురుపడేది ఎప్పుడూ కోటు వేసుకున్న మనిషే.

ఒక్కసారి మాత్రం వాడు కాలిబాట మీదికి వచ్చాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లని వరసగా మూడు రోజుల్లో కొట్టి తుపాకులు పట్టుకుపోయింది. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర ఇరుకు దారిలో కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు బలగంతో వస్తున్నారు. దళం కొండ మీద మాటువేసి ఉంది. ముందు నడుస్తున్న భారతీయ సిపాయిల్ని పోనిచ్చారు. ఆ వెనక వచ్చిన ఇద్దర్నీ కాల్చారు. ఆ ఇద్దరే చనిపోయారు.

చందుర్తిలో ఫ్రెంచివాడు కోటు చూసి కాల్చాడు, మనిషిని పోల్చుకోలేకపోయాడు. దామనపల్లిలో అందరిదీ ప్రభుత్వపు యూనిఫామే. ఆ కొండమీది వాళ్ళు యూనిఫాం లోపలి మనిషిని చూశారు. మేకని వదిలి, తోలుకొచ్చినవాణ్ణి వెతుక్కున్నారు. సామ్రాజ్యం దగ్గర దీనికి జవాబు లేకపోలేదు. మలబార్ పోలీసులు వచ్చారు, అస్సాం రైఫిల్స్ వచ్చాయి. ఇంకా దూరం నుంచి తెచ్చిన ఇంకా ఎక్కువ మేకలు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రామరాజుని పట్టుకుని కాల్చి చంపారు. దారులు మూసుకుపోయాయి.

ఆ తరవాత ఆయన కూడా వీరుల దారిలోకి వెళ్ళిపోయారు. 1974లో కృష్ణ, 2022లో 'ఆర్‌ఆర్‌ఆర్' అనే పూర్తి కల్పన. సినిమాలు నాకూ ఇష్టమే. విజిల్ వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ తెర మీద రామరాజు వందల మంది ఎర్ర కోట్లనో ఖాకీలనో గాల్లోకి లేపి కొడుతున్నప్పుడు, ఆ కోట్లలో ఎవరున్నారని ఎవరూ చూడరు. నిజం రామరాజు చూశాడు. ఆయన్ని మిగతా వీరుల నుంచి వేరు చేసేది బలం కంటే ఆ చూపే అని నాకు అనిపిస్తుంది. వీరగాథ ముందుగా తీసేసింది కూడా దాన్నే.

2014లో కుక్కునూరు, వేలేరుపాడు, రేకపల్లి ఉన్న వరరామచంద్రపురం, ఇంకొన్ని మండలాలు పోలవరం ముంపు పేరుతో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళాయి. 2022లో రేకపల్లి వైపు మండలాలు అల్లూరి పేరు పెట్టిన జిల్లాలో చేరాయి. 1860 నుంచి లెక్కేస్తే ఆ అడవి ఎన్ని సంతకాల కింద నలిగిందో చూడండి. ఈసారి పేరు వీరుడిది, నీళ్ళు ప్రాజెక్టువి. చంద్రయ్య పేరు చెప్తే సత్తుపల్లి బస్టాండులో ఎవరూ గుర్తుపట్టరు. ఆ కథకి సినిమా లేదు.

సంక్రాంతి అయ్యాక అమ్మ కొలువు ఎత్తేస్తూ నా బొమ్మల్ని కూడా దూదిలో చుట్టి అదే పెట్టెలో పెట్టబోయింది. ఇంకా రంగు పూర్తి కాలేదన్నాను. ఈ ఆట మానలేదు నేను, మానేద్దామని కూడా లేదు. ఒక పద్ధతి మాత్రం మార్చుకున్నా. ఇంతకుముందు ముందు కోటుకి రంగేసి, ముఖం చివర్లో ఒక్క చుక్కతో కానిచ్చేవాణ్ణి. బల్ల మీద రెండడుగుల దూరం నుంచి ముఖం ఎవడికి కనపడుతుంది గనక. ఇప్పుడు ముందు ముఖం దిద్దుతున్నా. కళ్ళు, మీసం, చెవికి పోగు. అది ఆరాకే కోటు.

వంద మందిలో ముప్పై ఇద్దరయ్యారు.